క్యాట్జెస్ డెలి: వెళ్ళే ముందు అందరూ నన్ను అడిగే ప్రశ్నలు

నేను జెర్సీ సిటీలో ఉంటా. ఊరి నుంచి ఎవరొచ్చినా, కొత్తగా ఉద్యోగానికొచ్చిన పిల్లలైనా, చుట్టాలైనా, ఒకసారి న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఉన్న క్యాట్జెస్ డెలికి తీసుకెళ్తా. ప్రతిసారీ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతారు, వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా జవాబులు టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తాయని ఇది రాస్తున్నా. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే ఈ కొట్టు గురించి పొట్టిగా చెప్పాలని నాకు ఉండదు.

అసలు డెలి అంటే ఏంటి? మా ఆఫీసు కింద కూడా ఒక డెలి ఉంది, అదీ ఇదీ ఒకటేనా?

కాదు. న్యూయార్క్‌లో మూల మీద శాండ్‌విచ్‌లు, కాఫీ, సిగరెట్లు అమ్మే ప్రతి చిన్న కొట్టునీ డెలి అనే అంటారు, అది వేరే. డెలికాటెసెన్ అనేది జర్మన్ మాట, రుచికరమైన తినుబండారాలు అని అర్థం. 1800ల్లో ఈ లోయర్ ఈస్ట్ సైడ్ చుట్టుపక్కలంతా జర్మన్లు ఉండేవాళ్ళు, ఊరబెట్టిన మాంసాలు, సాసేజ్‌లు, సలాడ్లు అమ్మే కొట్లు ముందు వాళ్ళే పెట్టారు. తర్వాత 1881లో రష్యా చక్రవర్తి హత్య జరిగాక అక్కడ యూదుల మీద దాడులు మొదలయ్యాయి, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసుకుని జనం ఓడలెక్కారు, అప్పట్నించి 1924లో అమెరికా వలసల మీద గట్టి కోటాలు పెట్టేదాకా ఇరవై లక్షల పైగా తూర్పు యూరప్ యూదులు వచ్చారు, అందులో చాలామంది మొదట దిగింది ఈ పేటలోనే. వాళ్ళు జర్మన్ల కొట్టు పద్ధతి తీసుకుని తమ మత నియమాలకి తగ్గట్టు పంది మాంసం తీసేసి ఆవు మాంసంతో చేసుకున్నారు, అదే జూయిష్ డెలి. అంటే పోలెండ్‌లోనో రష్యాలోనో ఇలాంటి కొట్టు ఉండేదేమో అనుకోకండి, ఈ రూపంలో ఇది అమెరికాలో, వలస వచ్చినవాళ్ళ చేతుల్లో పుట్టింది. నాకు ఈ కొట్టు మీద ఇంత ఇష్టం ఉండటానికి అసలు కారణం అదే.

క్యాట్జెస్ ఎప్పటిది?

1888. ఐస్‌లాండ్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు లడ్లో స్ట్రీట్‌లో చిన్న డెలి పెట్టారు, అందుకే మొదటి పేరు ఐస్‌లాండ్ బ్రదర్స్, ఆ దేశానికీ దీనికీ సంబంధం లేదు. 1903లో విల్లీ క్యాట్జ్ చేరాక ఐస్‌లాండ్ అండ్ క్యాట్జ్ అయింది, 1910లో విల్లీ బంధువు బెన్నీ కూడా వచ్చాడు, ఇద్దరూ కలిసి అన్నదమ్ముల వాటా కొనేశారు, అప్పుడు క్యాట్జెస్ డెలికాటెసెన్ అయింది. 1917లో హ్యారీ టారోస్కీ భాగస్వామిగా చేరాడు. తర్వాత సబ్‌వే తవ్వకాల వల్ల వీధికి ఆ పక్క నుంచి ఈ పక్కకి మారింది. హౌస్టన్ స్ట్రీట్ వైపు చాలా ఏళ్ళు ఖాళీ జాగాయే, మాంసం పీపాలు, ఊరగాయ పీపాలు అక్కడే పెట్టుకునేవాళ్ళు, ఇప్పుడు మీరు ఫోటోల్లో చూసే ముందుభాగం 1946, 49 మధ్యలో కట్టింది.

ఆ పాత కుటుంబాల్లో కొట్టు చూసుకునే తరం అయిపోయాక 1988లో, సరిగ్గా నూరేళ్ళకి, డెల్ కుటుంబం కొనింది, ఇప్పుడు వాళ్ళ మూడో తరం నడుపుతోంది. చేతులు మారినా పేరు మార్చలేదు, పద్ధతి మార్చలేదు.

కొట్టు బోర్డు గురించి ఒక కథ చెప్తారు. బోర్డు రాసేవాడు ఏం రాయమంటారు అని అడిగితే హ్యారీ టారోస్కీ "క్యాట్జెస్, అంతే" అన్నాడట, వాడు ఆ "అంతే"తో సహా రాసేశాడు. ఇంగ్లీషులో ఆ మాటలు ఇప్పటికీ కనిపిస్తాయి, చూడండి.

ఎలా వెళ్ళాలి?

205 ఈస్ట్ హౌస్టన్ స్ట్రీట్, లడ్లో స్ట్రీట్ మూల. ఆ హౌస్టన్‌ని టెక్సాస్ ఊరిలాగా హ్యూస్టన్ అనకండి, ఇక్కడ హౌస్‌-టన్ అనే అంటారు, వేరే మనిషి పేరు మీద పెట్టిన వీధి అది. జెర్సీ సిటీ నుంచైతే పాత్ ట్రైన్‌లో ఫోర్టీన్త్ స్ట్రీట్ దాకా వచ్చి అక్కడ ఎఫ్ ట్రైన్ ఎక్కి సెకండ్ అవెన్యూ స్టేషన్‌లో దిగండి. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు పెన్ స్టేషన్‌లో దిగి హెరాల్డ్ స్క్వేర్‌కి నడిచి అదే ఎఫ్ పట్టుకోండి. స్టేషన్‌లో ఫస్ట్ అవెన్యూ వైపు ఎగ్జిట్ వెతుక్కుంటే కొద్ది నిమిషాల నడక. కారు తేవద్దు, పార్కింగ్ కోసం తిరిగే టైంలో తినేసి ఇంటికెళ్ళిపోవచ్చు.

శనాదివారాలు మధ్యాహ్నం క్యూ వీధి మలుపు తిరిగిపోతుంది. నేనైతే వారం మధ్యలో పొద్దున పది పదకొండుకో, లేదా సాయంత్రం మూడు నాలుగుకో తీసుకెళ్తా.

తలుపు దగ్గర ఒక టికెట్ ఇస్తారట, అదేంటి?

ఇది జాగ్రత్తగా చదవండి. లోపలికి అడుగుపెట్టగానే మనిషికో చిన్న కాగితం టికెట్ ఇస్తారు, మీరు తిన్నా తినకపోయినా ఇస్తారు, పిల్లలకి కూడా అందొచ్చు. ఏ కౌంటర్ దగ్గర ఏం తీసుకున్నా వాళ్ళు ఆ టికెట్ మీద ధర రాస్తారు, బయటికెళ్ళేటప్పుడు దాన్ని చూపించి డబ్బు కట్టాలి. నలుగురు వెళ్తే నలుగురివీ ఒకే టికెట్ మీద రాయించుకోవచ్చు కానీ మిగతా మూడు ఖాళీ టికెట్లు కూడా తిరిగి ఇవ్వాలి. పోగొట్టుకుంటే 50 డాలర్లు అదనం. ఇది డబ్బు గుంజడానికి పెట్టింది కాదు, టికెట్ పారేసి తక్కువ బిల్లు కట్టేవాళ్ళు ఉంటారు కాబట్టి పెట్టింది, యాభై అంటే మనిషి వెనక్కెళ్ళి టేబుల్ కింద వెతుకుతాడు, సాధారణంగా దొరుకుతుంది. పెద్దవాళ్ళతో వెళ్తే అందరి టికెట్లూ ఒకరే తీసుకుని జేబులో పెట్టుకోండి, నాప్కిన్లతో కలిసి చెత్తబుట్టలోకి పోకుండా.

క్యూలు చాలా ఉన్నాయి, దేంట్లో నిలబడాలి?

గోడ పక్కనున్న టేబుళ్ళకి వెయిటర్లు వస్తారు, మధ్యలో ఉన్నవాటికి మనమే కౌంటర్ నుంచి తెచ్చుకోవాలి. మొదటిసారి వెళ్తే కౌంటరే మేలు అని నా ఉద్దేశం, కాళ్ళు నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే మాత్రం వెయిటర్ టేబుల్ అడగండి.

కౌంటర్ దగ్గర మాంసం కోసేవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు, వాళ్ళని కట్టర్లు అంటారు, ఒక్కో కట్టర్ ముందు ఒక్కో క్యూ. సూపులు, ఫ్రైలు, హాట్‌డాగ్‌లు, డ్రింకులకి వేరే చోట్లు. మీ వంతు రాగానే ఏం కావాలో చెప్తే కట్టర్ ఆవిరి పెట్టెలోంచి ముక్క తీసి, కోస్తూ కోస్తూ ఒక రెండు ముక్కలు చిన్న ప్లేట్‌లో మీ ముందు పెడతాడు, రుచి చూడమని. మా పెద్దమ్మ ఆ ప్లేట్ చూసి మిఠాయి కొట్లో చేతిలో కొంచెం పెట్టినట్టే ఉంది కదరా అంది. అక్కడ టిప్ గ్లాసు ఉంటుంది, ఒక డాలరో రెండో వెయ్యండి, చిల్లర నోట్లు ముందే పెట్టుకోండి.

ఆర్డర్ చెప్పడం పెద్ద పనేం కాదు, "పాస్ట్రామీ ఆన్ రై, మస్టర్డ్" అంటే చాలు, అంటే రై బ్రెడ్ మధ్య పాస్ట్రామీ మాంసం, ఆవాల ముద్దతో. కొవ్వు తగిలేలా కావాలంటే జూసీ అనండి, వద్దంటే లీన్ అనండి. లీన్ అడిగితే ఎండినట్టు ఉంటుంది, నేను వద్దనే చెప్తా.

పాస్ట్రామీ అంటే ఏంటి, దాన్ని ఎలా చేస్తారు?

పేరు ముందు చెప్తా. టర్కీలో పాస్తిర్మా అని ఒకటుంది, నొక్కి ఎండబెట్టిన మాంసం, ఆ మాట నొక్కడం నుంచి వచ్చిందే. అది రొమేనియాకి వెళ్ళి పాస్త్రామా అయింది, అక్కడి యూదులు పెద్దబాతు మాంసంతో, గొర్రె మాంసంతో చేసుకునేవాళ్ళు. అమెరికా వచ్చాక చూస్తే ఇక్కడ బీఫ్ చవక, అందులోనూ పొట్ట దగ్గరి కొవ్వు ముక్క ఎవరూ పెద్దగా అడగనిది ఇంకా చవక, ఆ ముక్కనే నేవెల్ అంటారు, దానికి ఆ పాత పద్ధతి పట్టించారు. చివర్లో మీ అని ఎందుకు చేరిందంటే పక్కనే వేలాడే సలామీతో ప్రాస కోసం అని చెప్తారు.

ఇక చెయ్యడం. మాంసాన్ని మొదట ఉప్పు, మసాలాలు కలిపిన నీళ్ళలో వారాల తరబడి ఊరబెడతారు. క్యాట్జెస్ వాళ్ళు ముప్పై రోజుల దాకా ఊరిస్తామని చెప్తారు, ఫ్యాక్టరీల్లో అయితే అదే ఉప్పునీటిని సూదులతో లోపలికి ఎక్కించి ఒకటిన్నర రోజులో పని కానిచ్చేస్తారు. లోపల ఆ గులాబీ రంగు చూసి పచ్చిగా ఉందనుకుంటారు మనవాళ్ళు, పచ్చి కాదు, ఊరబెట్టేటప్పుడు వేసే క్యూరింగ్ ఉప్పు వల్ల వచ్చే రంగు అది, ఎంత ఉడికినా పోదు. ఊరాక బయట మసాలా పట్టిస్తారు, అదేంటో తెలుసా, ప్రధానంగా మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి. మొదటిసారి తిన్నప్పుడు నాకు ఇదేదో తెలిసిన వాసన అనిపించింది, ఇంట్లో ధనియాలు మిరియాలు వేయించి దంచుతుంటే వచ్చే వాసన, ఎక్కడి రొమేనియా ఎక్కడి మన రోలు. తర్వాత తక్కువ వేడిలో పొగ పెడతారు, గంటలు కాదు, బాగా ఎక్కువసేపు. ఆ తర్వాత ఉడకబెట్టి, అమ్మే ముందు ఆవిరి పడతారు. అంటే ఊరబెట్టడం, పొగ, ఉడకడం, ఆవిరి, నాలుగూ అయ్యాక గాని మీ బ్రెడ్ మధ్యకి రాదు. అంత మెత్తబడిన మాంసాన్ని మిషన్‌లో పెడితే పీచు పీచుగా విడిపోతుంది, అందుకే ఇక్కడ చేత్తో, కాస్త మందంగా కోస్తారు.

మరి కార్న్డ్ బీఫ్? మొక్కజొన్నలు వేస్తారా?

వెయ్యరు. పాత ఇంగ్లీషులో కార్న్ అంటే గింజ, ఇక్కడ ఉప్పు గింజలు, కల్లుప్పు అనుకోండి. ఇది ఛాతీ ముక్క, బ్రిస్కెట్. ఇదీ ఉప్పునీటిలో ఊరేదే, కానీ పొగ ఉండదు, పైన మిరియాల పూత ఉండదు, ఉడకబెట్టడమే. రెండూ కావాలంటే సగం సగం పెట్టమని అడగండి.

ఇది కోషరా?

కాదు, కోషర్ స్టైల్. ఈ ముక్క దగ్గరే చాలామంది తికమకపడతారు కాబట్టి కొంచెం వివరంగా.

కోషర్ అంటే యూదుల ఆహార నియమాలు. పంది నిషేధం, రొయ్యలు పీతలు నిషేధం, చేపకి పొలుసూ రెక్కా రెండూ ఉండాలి. జంతువుని వాళ్ళ పద్ధతిలోనే కొయ్యాలి, తర్వాత నానబెట్టి, ఉప్పు పట్టించి రక్తం తీసెయ్యాలి. పశువు వెనక భాగంలో తొడ నరం తినకూడదు, అది తియ్యడం చాలా కష్టమైన పని కాబట్టి వెనక ముక్కలే సాధారణంగా వదిలేస్తారు, అందుకే డెలి మెనూ చూస్తే అన్నీ ముందు భాగానివే ఉంటాయి, ఛాతీ, పొట్ట, నాలుక. అన్నిటికన్నా పెద్ద నియమం మాంసం, పాలు కలవకూడదు. "మేకపిల్లని దాని తల్లి పాలలో ఉడకబెట్టవద్దు" అని యూదుల పవిత్ర గ్రంథం తోరాలో మూడు చోట్ల ఉంది, దాని మీద కట్టిన నియమం. కోషర్ ఇళ్ళల్లో మాంసానికి, పాలకి గిన్నెలు కూడా వేరే. మన ఇళ్ళల్లో మడి, ఎంగిలి చూసి పెరిగినవాళ్ళకి ఇది అర్థం చేసుకోవడం ఏమంత కష్టం కాదు.

ఇప్పుడు క్యాట్జెస్‌కి రండి. ఇక్కడ శనివారం, అంటే యూదులు పని మానేసే సబ్బాతు రోజు కూడా కొట్టు తెరిచే ఉంటుంది. రూబెన్ అని ఒక శాండ్‌విచ్ అమ్ముతారు, కార్న్డ్ బీఫ్ మీద స్విస్ చీజ్, పుల్ల క్యాబేజీ, రష్యన్ డ్రెస్సింగ్ అనే సాసు, మాంసమూ చీజూ కలిసిపోయాయి కాబట్టి అది కోషర్ అయ్యే ప్రశ్నే లేదు. వంటకాలు యూదులవి, నియమం మాత్రం పాటించరు, అదీ కోషర్ స్టైల్ అంటే. నియమం పాటించే స్నేహితుడు మీతో ఉంటే ఇక్కడికి తీసుకురాకండి, ఈస్ట్ థర్టీ థర్డ్ స్ట్రీట్‌లో సెకండ్ అవెన్యూ డెలి ఉంది, అది కోషర్. అయితే అదీ శనివారం తెరుస్తారు కాబట్టి మరీ నిష్ఠగా ఉండేవాళ్ళు అక్కడా తినరు, ముందు అడిగి తెలుసుకోండి.

మేం ముస్లింలం, కోషర్ మాంసం మాకు పర్వాలేదు అంటారు కదా, ఇక్కడ తినొచ్చా?

ఇక్కడి మాంసం కోషర్ కాదు, హలాలూ కాదు. పంది మాంసం మెనూలో లేదన్న మాట నిజమే గానీ అదొక్కటే మీకు చాలదు కదా. లాట్కే (బంగాళదుంప తురుముతో వేయించేది), ఫ్రైస్ లాంటివి కూడా ఏ నూనెలో వేయిస్తున్నారో అడిగి తీసుకోండి.

మేం బీఫ్ తినం. అసలు వెజిటేరియన్లం. రావొచ్చా?

రండి, కానీ తెలిసి రండి. ఒక విషయం ముందే చెప్తా, పెద్దకూర తినని పెద్దవాళ్ళని ఇక్కడికి తెచ్చి అది టర్కీ కోడియో మరోటో అని చెప్పి తినిపించకండి, సరదాకి కూడా వద్దు, నేను కళ్ళారా చూశాను, తర్వాత తెలిసి ఆ మనిషి పడ్డ బాధ చూడలేకపోయా. తినేవాళ్ళని చిన్నచూపు చూడటం ఎంత తప్పో తినని వాళ్ళని మోసం చెయ్యడం అంత తప్పు.

బీఫ్ వద్దనుకునేవాళ్ళకి టర్కీ శాండ్‌విచ్ ఉంటుంది, కోసే చెక్క, కత్తి మాత్రం ఒకటే అయ్యే అవకాశం ఉంది, అది పట్టింపు ఉంటే వదిలెయ్యండి. మాట్జో బాల్ సూప్ అంటే పులవని రొట్టె పొడిని గుడ్డుతో కలిపి చేసిన మెత్తటి ఉండలు కోడి రసంలో వేసి ఇస్తారు, జలుబు చేసినప్పుడు దీన్ని మించింది లేదు, కానీ శాకాహారం కాదు. శాకాహారులకి లాట్కేలు ఉన్నాయి, బంగాళదుంప తురుముతో వేయించినవి, గుడ్డు ఉంటుంది, పక్కన యాపిల్ సాస్, పుల్ల క్రీమ్ ఇస్తారు. క్నిష్ అంటే మెత్తటి పిండి పొరలో బంగాళదుంప ముద్ద, ఆలూ బోండాని నూనెలో వెయ్యకుండా బేక్ చేస్తే ఎలా ఉంటుందో అలా, కారం మాత్రం ఉండదు. చీజ్ బ్లింట్జ్‌లు ఉంటాయి, పల్చటి అట్టులో తియ్యటి చీజ్ చుట్టి వేయించినవి. గుడ్డు కూడా తినరంటే ఫ్రైసు, పికిల్ తప్ప పెద్దగా మిగలదు, నిజం చెప్పాలి కదా.

పికిల్ అని దోసకాయ పెడతారు, అది మన ఊరగాయ లాంటిదా?

ఊరబెట్టడం మట్టుకు అదే. నూనె లేదు, కారం లేదు, మంచి డెలి పికిల్‌లో వెనిగర్ కూడా ఉండదు, ఉప్పు నీళ్ళు, వెల్లుల్లి, మసాలా గింజలు, అంతే, పులుపు దానంతట అదే వస్తుంది, ఇడ్లీ పిండి పులిసినట్టు. తక్కువ రోజులు ఊరితే హాఫ్ సోర్, ఆకుపచ్చగా కరకరలాడుతుంది. ఎక్కువ రోజులు ఊరితే ఫుల్ సోర్. పచ్చి టమాటా కూడా ఇలాగే ఊరబెట్టి పెడతారు. మనవాళ్ళకి ఫుల్ సోరే నచ్చుతుంది, ఇప్పటిదాకా నేను తీసుకెళ్ళినవాళ్ళందరూ దాన్నే మళ్ళీ అడిగారు. కొవ్వున్న పాస్ట్రామీ రెండు ముద్దలు తిన్నాక ఒక ముక్క కొరికితే నాలుక మళ్ళీ కొత్తదవుతుంది, అది పక్క వంటకం కాదు, పప్పులోకి ఆవకాయ ఎంతో ఇది అంత.

మయోనైజ్ అడిగితే తిడతారా?

తిట్టరు. కానీ వద్దు. ఆవాల ముద్ద ఘాటే కొవ్వుకి సరిపోయేది. బ్రెడ్ కూడా రై బ్రెడ్డే తీసుకోండి, అందులో జీలకర్రలా కనిపించేవి కారవే గింజలు.

ఏం తాగాలి?

డాక్టర్ బ్రౌన్స్ సోడాలు. బ్లాక్ చెర్రీ పిల్లలకి నచ్చుతుంది. సెల్-రే అని ఒకటుంది, సెలరీ గింజల రుచితో, నాకు వాము సోడా గుర్తొస్తుంది, ఇంత బరువు తిండి పక్కన అదే సరైనది. ఎగ్ క్రీమ్ అని ఇంకోటి, పేరులో ఉన్న గుడ్డూ లేదు, క్రీమూ లేదు, పాలు, చాక్లెట్ సిరప్, గోలీసోడా లాంటి గ్యాసు నీళ్ళు. గుడ్డు తినని వాళ్ళు కూడా తాగొచ్చు.

"ఆర్మీలో ఉన్న మీ అబ్బాయికి సలామీ పంపండి" అని బోర్డు ఉంది, ఏంటది?

లోపల నాకు అన్నిటికన్నా ఇష్టమైన బోర్డు. రెండో ప్రపంచ యుద్ధంలో కొట్టు యజమానుల కొడుకులు కూడా సైన్యంలో ఉన్నారు, ఇంటి నుంచి వాళ్ళకి తిండి పంపేవాళ్ళు, అదే అందరికీ పిలుపుగా మారింది, ఇంగ్లీషులో సలామీ, ఆర్మీ ప్రాస కలుస్తాయి. సలామీయే ఎందుకంటే ఎండి గట్టిపడిన సాసేజ్, ఫ్రిజ్ లేకుండా సముద్రాలు దాటినా పాడవదు. ఇప్పటికీ సైనికులకి పంపుతారు.

నేను అమెరికా వచ్చేటప్పుడు అమ్మ కందిపొడి, గోంగూర పచ్చడి, మాగాయ నాలుగేసి కవర్లలో చుట్టి, టేపేసి, బట్టల మధ్యలో పెట్టింది. ఆ బోర్డు కింద నిలబడ్డ ప్రతిసారీ నాకు ఆ సూట్‌కేస్ గుర్తొస్తుంది. మావాళ్ళకి కూడా ఆ బోర్డు చదివి చెప్తా, దాని తర్వాత వాళ్ళు ఆ కొట్టుని చూసే చూపు మారుతుంది. సినిమా టేబుల్ ఎక్కడ అని అడుగుతారు చాలామంది, 1989లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా సీన్ ఇక్కడ తీశారు, ఆ టేబుల్ పైన బోర్డు వేలాడుతుంటుంది, చూసుకోండి, కానీ సలామీ బోర్డు చూడకుండా మాత్రం రాకండి.

ఒక శాండ్‌విచ్‌కి అంత ధరా?

అవును, పాస్ట్రామీ శాండ్‌విచ్ ఇరవై ఐదు డాలర్ల పైనే. ఒకటి ఇద్దరికి సరిపోతుంది, ఆకలి మరీ లేకపోతే ముగ్గురికి కూడా. ఆ ముక్కలో ఉన్న పని పైన చెప్పాను. ఊరి, పొగలో కొవ్వు కరిగి, ఆవిరిలో ఇంకా తగ్గి, వచ్చిన మాంసంలో చాలా భాగం కోసే బల్ల దాకా రాకుండానే బరువు కోల్పోతుంది. ఒకప్పుడు ఎవరూ అడగని చవక ముక్క ఇప్పుడు ఖరీదైపోయింది. అదీగాక మన్‌హట్టన్. బిల్డింగ్ వాళ్ళదే, లేకపోతే ఈ పాటికి ఎప్పుడో మూతపడేదని నా నమ్మకం. పైన కట్టుకునే హక్కు ఉంటుంది కదా, ఎయిర్ రైట్స్ అంటారు, కొన్నేళ్ళ క్రితం అది కూడా పక్కన కట్టేవాళ్ళకి అమ్మి కొట్టుని నిలబెట్టుకున్నారు. పక్కనే లేచిన అద్దాల బిల్డింగ్ అదే. నాకు ఆ బిల్డింగ్ నచ్చదు, కానీ అది ఉండబట్టే ఈ ఒంటంతస్తు కొట్టు ఉంది.

ఇలాంటి డెలిలు ఇంకా చాలా ఉన్నాయా?

1930ల్లో ఒక్క న్యూయార్క్ నగరంలోనే పదిహేను వందలకు పైగా కోషర్ డెలిలు ఉండేవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కారణం ఒక్కటి కాదు, జనం ఈ ఇరుకు గదులు వదిలి బ్రాంక్స్, బ్రూక్లిన్, ఆ తర్వాత లాంగ్ ఐలండ్, న్యూజెర్సీ శివార్లకి వెళ్ళిపోయారు, పిల్లలు డాక్టర్లు లాయర్లు అయ్యారు, కౌంటర్ వెనక పద్నాలుగు గంటలు నిలబడే పని ఎవరు చేస్తారు, తండ్రి కూడా చెయ్యొద్దనే చదివించాడు. సూపర్ మార్కెట్లో ప్యాకెట్ దొరికింది. కొవ్వు, ఉప్పు అంటే భయం పెరిగింది. అద్దెలు పెరిగాయి. స్టేజ్ డెలి 2012లో మూసేశారు, కార్నెగీ డెలి 2016 ఆఖర్లో చివరి శాండ్‌విచ్ అమ్మింది. సెకండ్ అవెన్యూ డెలి 1954లో పెట్టిన చోట 2006లో మూతపడి మరుసటి ఏడాది ఆఖరికి వేరే చోట మళ్ళీ తెరుచుకుంది. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద మన కొట్లు చూసినప్పుడల్లా వీటి పిల్లలు రేపు ఏం చేస్తారో అని ఆలోచిస్తా.

చుట్టుపక్కల ఇంకేం చూడొచ్చు?

క్యాట్జెస్ ఉన్న హౌస్టన్ స్ట్రీట్‌లోనే 179 నంబర్‌లో రస్ అండ్ డాటర్స్, 1914లో మొదలైంది. ఇది డెలి కాదు, ఇలాంటి కొట్టుని అపెటైజింగ్ అంటారు, మాంసం ఒక్క ముక్క ఉండదు, పొగ పెట్టిన చేపలు, క్రీమ్ చీజ్, బేగెల్స్. పాలూ మాంసమూ కలవకూడదన్న ఆ నియమమే రెండు రకాల కొట్లని పుట్టించింది, రెండూ ఒకే వీధిలో చూస్తే బాగా అర్థమవుతుంది. బీఫ్ తినని, చేపలు తినే మావాళ్ళని నేను నేరుగా ఇక్కడికే తీసుకెళ్తా. 137 నంబర్‌లో యోనా షిమ్మెల్ క్నిష్ బేకరీ, 1910 నుంచి అక్కడే ఉంది. కాస్త నడిస్తే 97 ఆర్చర్డ్ స్ట్రీట్‌లో టెనమెంట్ మ్యూజియం, గాలీ వెలుతురూ లేని గదుల్లో ఇంటిల్లిపాదీ బట్టలు కుట్టుకుంటూ ఎలా బతికారో ఆ గదుల్లోనే నిలబెట్టి చెప్తారు. కుదిరితే ముందు అక్కడికి వెళ్ళి ఆ తర్వాత క్యాట్జెస్‌కి రండి, శాండ్‌విచ్ రుచి వేరేగా ఉంటుంది.

మేం న్యూయార్క్‌లో ఉండం, ఇంకెక్కడ?

లాస్ ఏంజెలిస్‌లో లాంగర్స్, 1947 నుంచి, పందొమ్మిదో నంబర్ శాండ్‌విచ్ అడగండి. మాంట్రియల్‌లో ష్వార్ట్జెస్, 1928, అక్కడ దాన్ని స్మోక్డ్ మీట్ అంటారు, కొవ్వు మరీ ఎక్కువా తక్కువా కాకుండా మీడియం అని చెప్పండి. టెక్సాస్ హ్యూస్టన్‌లో కెన్నీ అండ్ జిగ్గీస్ ఉంది. బ్రూక్లిన్ డికాల్బ్ మార్కెట్ హాల్‌లో 2017 నుంచి క్యాట్జెస్‌దే చిన్న శాఖ ఉంది, తిండి అదే, కానీ ఆ హాలు, ఆ గోడలు ఉండవు.

మన తెలుగువాళ్ళలో కూడా యూదులు ఉన్నారంట, నిజమేనా?

ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే సమాజం, తెలుగు మాట్లాడుతూ యూదు ఆచారాలు పాటిస్తారు, వాళ్ళకో చిన్న ప్రార్థనా మందిరం ఉంది. వాళ్ళ వంటకి ఈ డెలి వంటకి సంబంధం వెతక్కండి, ఇది చలి దేశాల యూదుల తిండి. క్నిష్, లాట్కే, కోడి కొవ్వు ఇవన్నీ బంగాళదుంప పండే చోట, నువ్వుల నూనె దొరకని చోట పుట్టినవి. మాంసంతో వెన్న వాడకూడదు, పంది కొవ్వు అసలే వద్దు, అందుకని కోడి కొవ్వు కరిగించి వాడుకున్నారు. కొచ్చిన్ యూదులు కొబ్బరితో వండుకున్నారు.

మిగిలింది ఇంటికి తెచ్చుకోవచ్చా? ఎలా వేడి చెయ్యాలి?

తెచ్చుకోండి, అడిగితే కాగితంలో చుట్టి ఇస్తారు, కొయ్యకుండా పౌండ్ల లెక్కన కూడా అమ్ముతారు, అమెరికాలో ఎక్కడికైనా పార్సెల్ పంపుతారు. మైక్రోవేవ్‌లో పెట్టకండి, చెప్పులా అవుతుంది. అక్కడ ఆవిరి మీద వేడి చేసినట్టే ఇంట్లో కూడా ఆవిరే పట్టాలి, దానికి ఇడ్లీ పాత్రని మించింది లేదు. అడుగున నీళ్ళు మరిగాక కోసిన ముక్కలైతే ఒక గిన్నెలో పరిచి ఐదారు నిమిషాలు, పెద్ద ముక్క అయితే బాగా ఎక్కువసేపు, ఫోర్కు గుచ్చితే ఇట్టే దిగాలి, ఆ తర్వాతే కొయ్యాలి, పీచుకి అడ్డంగా కొయ్యాలి, లేకపోతే నములుతూ కూర్చోవాలి. ఇంట్లో బీఫ్ తినని వాళ్ళుంటే ఈ పనికి వేరే పాత్ర కొని పెట్టుకోండి. బ్రెడ్ మాత్రం ఆవిరిలో పెట్టకండి, పెనం మీద పొడిగా ఒక్క నిమిషం కాల్చండి, పికిల్ ఫ్రిజ్‌లోంచి చల్లగానే తియ్యండి.